అభికేంద్ర బలానికి విడిగా బాణం గీయకండి

ఇంటర్ ఫస్టియర్‌లో వృత్తాకార చలనం లెక్కలు తప్పుతున్నాయంటే ముందు బలాలు గీసిన బొమ్మ చూసుకోండి. బరువు, ఘర్షణ, తాడు తన్యత (తాడు లాగే బలం) అన్నీ గీశాక, చాలామంది పక్కనే అభికేంద్ర బలం అని ఇంకో బాణం పెడతారు. అది వద్దు. ఉన్న బలాలన్నీ కలిపితే కేంద్రం వైపు తేలే మొత్తానికే ఆ పేరు. ప్రతి బాణం దగ్గరా 'ఈ బలం ఎవరిస్తున్నారు?' అని అడగండి. జవాబు లేకపోతే కొట్టేయండి.

నెల్లూరులో ఒంగోలు బస్సు ఎక్కారనుకోండి. మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు ఒరుగుతాం. మనల్ని తోసిందెవరూ లేరు. ఒళ్లు తిన్నగా పోబోతుంటే సీటు లోపలికి లాగుతుంది, అంతే. బస్సుకు ఆ పని చేసేది టైర్ల కింద ఘర్షణ. మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు, వేగం గంటకు 36 కి.మీ. అయితే, అంటే సెకనుకు 10 మీటర్లు, కేంద్రం వైపు త్వరణం (వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది) 2 మీ/సె² వస్తుంది. వేగాన్ని 72కి పెంచితే 4 కాదు, 8! వేగాన్ని వర్గం చేస్తాం కదా. పొడి రోడ్డు మీదే అది కష్టం, వానలో అయితే టైర్లు జారిపోతాయి.

అన్నట్టు, కి.మీ. వేగాన్ని 5/18తో గుణించాకే సూత్రంలో వేయండి. సగం మార్కులు అక్కడే పోతుంటాయి.