బాష్ హిస్టరీ – 3వ పాఠం: కంటికి కనబడని ఖాళీలు

లినక్స్‌లో మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రాము బాష్. కొట్టిన కమాండ్లను అది దాచుకునే జాబితా హిస్టరీ. పై బాణంతో, కంట్రోల్-ఆర్‌తో పాత కమాండ్లు వెతకడం కిందటి పాఠంలో చూశాం. వెతికినా దొరకని వాటి సంగతి ఈసారి చూద్దాం. కమాండ్ నడిచింది, ఫలితమూ వచ్చింది, హిస్టరీలో మాత్రం లేదు. అలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది లైను మొదట్లో పడిన స్పేస్‌ని.

ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలు కొత్త యూజర్‌కి ఇచ్చే బాష్‌ఆర్‌సీ ఫైల్లో (బాష్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలు), హిస్టరీకి ఏది ఎక్కకూడదో చెప్పే హిస్ట్‌కంట్రోల్ అనే సెట్టింగు విలువ ఇగ్నోర్‌బోత్. ఇందులో రెండు నియమాలున్నాయి. స్పేస్‌తో మొదలైన లైను నమోదు కాదు (దీని పేరు ఇగ్నోర్‌స్పేస్). సరిగ్గా ముందున్న లైనే మళ్ళీ కొడితే రెండోసారి నమోదు కాదు. ఎక్కడినుంచో కాపీ చేసి అతికించిన కమాండ్లు మాయమయ్యేది ఎక్కువగా మొదటి నియమం వల్లే.

సెట్టింగు మార్చే ముందు ఉన్నది చూడండి. ఎకో అని కొట్టి, స్పేస్ ఇచ్చి, డాలర్ గుర్తును ఆనించి హిస్ట్‌కంట్రోల్ అని పెద్ద అక్షరాల్లో రాయండి. ఏమీ రాకపోతే ఈ నియమాలు అమల్లో లేనట్టే. తర్వాత చివరి పది లైన్లు చూపే హిస్టరీ 10 కమాండ్ ఫలితాన్ని పైపు (| గుర్తు) ద్వారా, టెక్స్ట్‌ని తెరమీద చూపే క్యాట్ కమాండ్‌కి పంపండి, పెద్ద ‘ఎ’ ఆప్షన్‌తో. ప్రతి లైను చివరా $ కనబడుతుంది. దానికి ముందు ఖాళీ ఉంటే అది చివర మిగిలిపోయిన స్పేస్. చూడ్డానికి ఒకేలా ఉన్న కమాండ్ రెండుసార్లు ఎక్కడానికి కారణం ఇదే: బాష్ అక్షరం అక్షరం పోలుస్తుంది, చివరి ఖాళీతో సహా. ట్యాబ్ ఉంటే ^ పక్కన ‘ఐ’ వస్తుంది. ‘ఎమ్-బీఎమ్-’ అని వస్తే అది వెబ్ పేజీల్లో వాడే విడిపోని స్పేస్. బాష్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు, కమాండ్ పేరులో భాగం అనుకుని ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. దాన్ని చెరిపి మామూలు స్పేస్ కొట్టడమే మందు.

ఇగ్నోర్‌స్పేస్ చూసేది స్పేస్‌నే, ట్యాబ్‌ని కాదు. ట్యాబ్‌తో మొదలయ్యేవీ వద్దనుకునేవాళ్ళు హిస్ట్‌ఇగ్నోర్‌లో (ఎలాంటి లైన్లు ఎక్కకూడదో నమూనాతో చెప్పే ఇంకో సెట్టింగు) ఒక ప్యాటర్న్ పెడతారు: చదరపు బ్రాకెట్లలో స్పేస్, \, ‘టీ’, బయట *. దీన్ని డబుల్ కోట్లలో రాస్తే కొంప మునుగుతుంది. అక్కడ \ పక్కనున్న ‘టీ’ ట్యాబ్‌గా మారదు, ఉత్త ‘టీ’ అక్షరంగానే మిగులుతుంది. ఇక టెయిల్, టచ్, టార్ ఏవీ హిస్టరీకి ఎక్కవు. డబుల్ కోట్లు తీసేసి, ముందు $ పెట్టి సింగిల్ కోట్లలో రాస్తేనే అది నిజమైన ట్యాబ్ అవుతుంది. ‘టీ’తో మొదలయ్యేవి మాత్రమే పోతున్నాయంటే వేరే ఎక్కడా వెతకొద్దు, ఈ లైనే చూడండి.

పాస్‌వర్డ్ దాచడానికి ముందు స్పేస్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. హిస్టరీ వరకు అది పనిచేస్తుంది. కానీ వేరే ప్రోగ్రాముకి ఆర్గ్యుమెంటుగా (కమాండ్ పేరు పక్కనే రాసి) ఇచ్చిన పాస్‌వర్డ్, ఆ కమాండ్ నడిచినంతసేపూ అదే మెషీన్‌లోని మిగతా యూజర్లకు పీఎస్‌లో (నడుస్తున్న ప్రోగ్రాములను చూపే కమాండ్) కనబడగలదు. యూజర్‌ని అడిగి విలువ తీసుకునే రీడ్ కమాండ్‌కి, కొట్టేది తెరమీద కనబడకుండా చేసే చిన్న ‘ఎస్’ ఆప్షన్ ఇచ్చి పాస్‌వర్డ్ అడిగించినా, తర్వాత ఆ విలువను మళ్ళీ ఆర్గ్యుమెంటుగా పంపకూడదు.

అభ్యాసం: డేట్ కమాండ్‌ని మామూలుగా ఒకసారి, చివర స్పేస్‌తో ఒకసారి, ముందు స్పేస్‌తో ఒకసారి కొట్టండి. ఇగ్నోర్‌బోత్ ఉంటే రెండు లైన్లే ఎక్కాలి. మూడూ ఎక్కితే బాష్‌ఆర్‌సీలో ఆ విలువను తర్వాతి లైను ఏదైనా తిరగరాస్తోందేమో చూడండి.