దుఃఖాన్ని బుద్ధుడు చెప్పిన వరుసలో చూడటం ఎలా?

బెంగళూరులో ధ్యానం మొదలుపెట్టే తెలుగువాళ్లకు కొదవ లేదు. మారతహళ్లి పీజీల్లో అడిగినా ఒకరిద్దరు తగులుతారు. చాలామంది చెడగొట్టుకునేది మాత్రం ఒకచోటే. కూర్చున్న మొదటి రోజే కోరికలు చంపుకోవాలని పళ్లబిగువున ప్రయత్నిస్తారు. సారనాథ్‌లో తొలి ఉపదేశంలోనే బుద్ధుడు నాలుగు సత్యాలకూ వేర్వేరు పనులు అప్పగించాడు. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి, దానికి కారణమైన తృష్ణను వదలాలి, నిరోధాన్ని, అంటే దుఃఖం ఆగిపోవడాన్ని, స్వయంగా చూడాలి, మార్గాన్ని సాధన చేయాలి. తెలుసుకోకుండానే వదలబోతే చేతికి ఏదీ చిక్కదు.

కావలసినవి: ఒక చాప, ఇరవై నిమిషాలు. ఫోన్ పక్కగదిలో పెట్టాలి. యాప్ వద్దు, వేణునాదం అసలే వద్దు. తెల్లవారుజామునే కూర్చోవాలి, వాటర్ ట్యాంకర్ మోటారు మొదలయ్యాక లాభం లేదు.

ముందు ఒక చిన్న బాధను ఎంచుకోండి. పక్క సీటతనికి మీకంటే ఎక్కువ హైక్ వచ్చిందనుకుందాం. అది తలుచుకోగానే ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి. దవడ బిగుస్తుంది, ఛాతీ మధ్యలో వేడిగా ఉంటుంది. అది దుఃఖ వేదన. గుర్తిస్తే చాలు.

అసలు కష్టం ఇక్కడి నుంచే. వేదన నుంచి తృష్ణ పుట్టే చోటును పట్టుకోవాలి. తృష్ణ మూడు రకాలు. ‘ఆ డబ్బుతో నాకూ కొత్త బైక్ వచ్చేది’ అనేది కామతృష్ణ. ‘టీమ్‌లో నేనే ముందుండాలి’ అనేది భవతృష్ణ. ఈ రెండూ ఇట్టే దొరుకుతాయి. మూడోది విభవతృష్ణ. ‘ఈ మంట నాకొద్దు, ఇప్పుడే పోవాలి’ అంటుంది. టెన్షన్ పోగొట్టుకోవడానికే ధ్యానానికి కూర్చున్నవాళ్లలో ఇది సాధన వేషంలోనే ఉంటుంది కాబట్టి కనపడదు. శ్వాస మీద దృష్టి పెట్టి మంటను తోసేస్తున్నారంటే ఆ తృష్ణను పెంచుతున్నట్టే. బాణం దిగినవాడికి వెంటనే రెండో బాణమూ దిగినట్టని బుద్ధుడు చెప్పింది దీన్నే.

పరీక్ష ఒకటుంది. ‘ఈ మంట ఇంకో ఐదు నిమిషాలు ఉంటే సరేనా?’ అని లోపల అడగండి. ‘వద్దు’ అని ఏదో ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడాన్నే చూడండి. సర్దిచెప్పకండి, తిట్టుకోకండి. మేనేజర్ పక్షపాతం కథ మొదలైతే మళ్లీ ఛాతీ దగ్గరికి రండి. ఇది హైక్ అడగొద్దని చెప్పడం కాదు, నిక్షేపంగా అడగండి. ఇంకో మాట, ఇంట్లో మరణం, నిద్రపట్టని దిగులు లాంటి పెద్ద బాధలతో ఒంటరిగా ఈ పని పెట్టుకోవద్దు. ముందు డాక్టర్‌ని కలవండి.

లాగులాట ఆగినప్పుడు మంట కాసేపు ఊరికే ఉండి సన్నగిల్లుతుంది. గమనించండి. అది నిర్వాణం కాదు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.

తర్వాత చాప చుట్టేయండి. నాలుగో సత్యమైన అష్టాంగమార్గంలో సమ్యక్ (సరైన) వాక్కు, కర్మ, జీవనం చాప మీద జరిగేవి కావు. పొద్దున కూర్చుని, మధ్యాహ్నం క్యాంటీన్‌లో అదే పక్క సీటతని గురించి చాడీలు చెబితే పొద్దుటి పని వృథా. వారాంతపు వర్క్‌షాప్‌ల మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే, అక్కడ నోటి సంగతి ఎవరూ ఎత్తరు.

నలుగురితో కలిసి కూర్చోవాలనుంటే గాంధీనగర్‌లో మహాబోధి సొసైటీ ఉంది, 1956లో ఆచార్య బుద్ధరక్ఖిత స్థాపించారు. మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్లండి, కారు తీయకండి.