బత్తాయి లోడుతో గుంజని బండి
చిట్యాల దాటాక మా పికప్ బండి గుంజడం మానేసింది. వెనక బత్తాయి లోడు. సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ, మీటర్లో ఇంజిన్ లైటు. నల్గొండ మెకానిక్ టర్బో పోయిందన్నాడు, నాకు నమ్మబుద్ధి కాలేదు. స్కానర్ పెట్టిస్తే పీ0402 కోడ్ వచ్చింది. అంటే ఈజీఆర్ వాల్వు గుండా కాలిన పొగ కావలసినదాని కంటే ఎక్కువగా ఇంజిన్‌లోకి తిరిగి పోతోందన్నమాట.

ఇంజిన్ చల్లారాక ఆ వాల్వు విప్పి చూస్తే లోపల తారు పూసినట్టు మసి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా ఊడింది. క్లీనర్ కొట్టి తుడిచినా వాల్వు సగంలోనే ఇరుక్కుంటోంది, పూర్తిగా మూసుకోవడం లేదు. ఆ పొగ దారికి రేకు అడ్డం పెట్టి మూసేద్దామన్నాడు మెకానిక్. అలా మూసేస్తే హానికరమైన నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు పెరుగుతాయి, ఊరంతా అవి వదులుతూ తిరగడం నాకిష్టం లేదు. కొత్త వాల్వు, కొత్త గ్యాస్కెట్ వేయించి, కోడ్ చెరిపించి పానగల్ దాకా తోలాను. లైటు మళ్లీ వెలగలేదు.