గోడ పాడవకుండా పిల్లల బొమ్మలు

మా ఇద్దరు పిల్లలూ బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువు. వాళ్లు కాగితాల మీద గీసే బొమ్మలు వారానికి పదిహేను, ఇరవై పోగవుతాయి. మొదట్లో సెల్లో టేపుతో గోడకు అంటించాను. అద్దె ఇల్లు, పీకితే రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. మైదా జిగురు ఇంకా ఘోరం, వానాకాలంలో పురుగులు పట్టాయి.

ఇప్పుడైతే హాల్లో రెండు కిటికీల ఊచలకు సన్న తాడు బిగించి కట్టేశాను. మీరూ కట్టండి, కానీ మీ కళ్ల ఎత్తులో కాదు, పిల్లల కళ్ల ఎత్తులో. ఒక్కో కాగితానికి రెండు బట్టల క్లిప్పులు పెట్టాలి. ఒక్కటే పెడితే ఫ్యాన్ గాలికి గిరగిరా తిరుగుతుంది. ఎండ నేరుగా పడే చోటు వద్దు, స్కెచ్ పెన్ రంగులు వెలిసిపోతాయి. క్రేయాన్లు కాస్త నయం.

శనివారం పొద్దున, ఇడ్లీలయ్యాక, మారుస్తాం. ఏది దించాలో వాళ్లే చెప్పాలి. ఓసారి అడక్కుండా ఒక పిచ్చిగీతల కాగితం తీసేశాను. అది వాడు నన్ను గీసిన బొమ్మట! చిన్నాడు సాయంత్రం దాకా మాట్లాడలేదు.

నచ్చినవాటి వెనక పెన్సిల్‌తో తేదీ వేసి ఫైల్లో దాస్తాం. మిగతావి ఫోటో తీసి, వెనక వైపు ఎక్కాలకు వాడేస్తాం. మట్టి బొమ్మలకు మాత్రం దారి దొరకలేదు, ఫ్రిజ్ మీదే ఉన్నాయి.