వడ్ల దుమ్ము లేవకముందే ముక్కు సంగతి చూసుకోండి

దసరా దాటిందంటే మా మిర్యాలగూడ వైపు మడుల్లోకి కోత మిషన్లు దిగుతాయి. ఇక కోతలు అయ్యేదాకా పొలంలో నూగు, కల్లంలో దుమ్ము, మిల్లుల దగ్గర ఊక. అలర్జీ ముక్కు ఉన్నవాళ్లకి ఇది గండం. పొద్దున లేస్తూనే పది పన్నెండు తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, అంగిట్లో దురద. గట్ల మీద వయ్యారిభామ పూతకొచ్చి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

నిరుడు నేను చేసిన తప్పు ముందు చెప్తాను. కోతలకు నెల ముందు ఒక మందుల షాపులో, "అన్నా, ఇండ్ల సి విటమిన్, ఇ విటమిన్, సెలీనియం అన్నీ ఉన్నయి. ఇమ్యూనిటీ పెరిగితే అలర్జీ అదే పోతది" అన్నారు. యాంటీ ఆక్సిడెంట్ గోలీల డబ్బా కొన్నాను. అవి మింగుతున్నాను కదా అని ఎప్పుడూ వాడే ముక్కు స్ప్రే మానేశాను. మొదటి మడి కోసిన రాత్రే ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. మంచం మీద కూర్చుని నోటితో గాలి పీలుస్తూ తెల్లారించాను.

అసలు అలర్జీ ఇమ్యూనిటీ తక్కువై వచ్చేది కాదు. మామూలు దుమ్మును కూడా శత్రువనుకుని ఒళ్లు అతిగా ఎగబడటమే అలర్జీ. ఐజీఈ అనే యాంటీబాడీలు ముందే కాపు కాసి ఉంటాయి. దుమ్ము తగలగానే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై తుమ్ములు మొదలవుతాయి. వాచిన ముక్కు పొరలో ఆక్సీకరణ పెరిగే మాట నిజమే, దాన్ని అణచేవే యాంటీ ఆక్సిడెంట్లు కాబట్టి ఈ గోలీల ఆలోచన అక్కడే పుట్టింది. కానీ మనుషుల మీద చేసిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇ విటమిన్‌తో ఒకచోట కాస్త నయమనిపిస్తే, ఇంకోచోట తేడానే లేదు. మందు మానేసి వీటిని నమ్ముకునేంత రుజువైతే లేదు.

వేసుకుంటే పోయేదేముంది అంటారా? సి విటమిన్ రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు, కిడ్నీలో రాళ్లు వచ్చిన మనిషికి మరీ ప్రమాదం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఇ విటమిన్ ఎక్కువ మోతాదులో వేసుకోకూడదు. పొగ తాగేవాళ్లు బీటా కెరోటిన్ (ఇదీ ఒక యాంటీ ఆక్సిడెంటే) గోలీల జోలికే పోవద్దు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు అవి ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. కార్తీకంలో ఉసిరికాయ తింటారా, నిక్షేపంగా తినండి. అది తిండి.

డాక్టరు రాసిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఉంటే కోతలకు రెండు వారాల ముందే మొదలుపెట్టండి, దాని పూర్తి గుణం కనిపించడానికి రోజులు పడుతుంది. కొట్టుకోవడంలోనే చాలామంది పొరపడతారు. తల కొంచెం వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టాలి. స్ప్రే మొన ముక్కు మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు, అంటే కంటి కొస వైపుకు తిరగాలి. గట్టిగా ఎగపీల్చొద్దు, మందంతా గొంతులోకి పోతుంది.

ముక్కు బిగిస్తే వేసే చుక్కల మందు మూడు నాలుగు రోజులు మించొద్దు. మించితే మానేసినప్పుడల్లా ఇంకా బిగుస్తుంది. అలర్జీకి వాడే అవిల్ లాంటి గోలీ వేసుకుని ట్రాక్టర్ ఎక్కొద్దు, నిద్ర ముంచుకొస్తుంది.

తువ్వాల చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్95 మాస్క్ కొనండి. ఇంటికి రాగానే బట్టలు బయటే విప్పి తలస్నానం చేయండి. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునేవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, బోరు నీళ్లు వద్దు.

ఛాతీలో పిల్లికూతలు వినిపించినా, నాలుగు మాటలకే ఆయాసం వచ్చినా అది ముక్కు దాటిపోయినట్టే. కాంటా అయ్యాక చూద్దాంలే అనకుండా అదే పూట ఆస్పత్రికి వెళ్లండి.