ఉక్కపోతలో బుజ్జి కుక్కలు జాగ్రత్త

మన శ్రీకాకుళంలో ఎండకి తోడు ఉక్కపోత కుక్కల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. మనలా వాటికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి దించుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పడం సరిగా పనిచెయ్యదు. అందుకే నీడ ఒక్కటే చాలదు, ఫ్యాన్ గాలి తగలాలి, కుండనీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చప్పిడి ముక్కు పగ్‌లని మరీ కనిపెట్టుకోండి. పామరేనియన్‌కి బొచ్చు నున్నగా గొరిగించకండి దయచేసి, ఎండ నుంచి కాపాడేది అదే. షికారు తెల్లవారుజామునే. రోడ్డు మీద మీ చెయ్యి 7 సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. తూలుతూ, చొంగ కారుస్తూ, చిగుళ్లు బాగా ఎర్రబడితే వడదెబ్బ అనుకోండి: పొట్ట, పాదాలు చన్నీళ్లతో తడిపి, గాలి తగిలేలా ఉంచి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.