కార్డు ఒక్కటే చాలదు, జాబితాలో పేరుండాలి: సీమలో కొత్త ఓటరు నమోదు చేసుకునే పద్ధతి

ఓటరు కార్డు జేబులో పెట్టుకుని బూత్‌కు వెళ్లి, జాబితాలో పేరు లేక వెనక్కి వచ్చేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. కార్డు గుర్తింపు కోసం. ఓటు హక్కు ఇచ్చేది మాత్రం ఆ బూత్ జాబితాలో మీ పేరున్న వరుస. కార్డు పోయినా ఆధార్ చూపించి ఓటు వేయొచ్చు, జాబితాలో పేరు లేకపోతే ఎన్ని కార్డులు చూపించినా ఉపయోగం లేదు. కింద చెప్పేదంతా ఆ వరుసను సరిగ్గా రాయించుకోవడం గురించే.

ఎప్పుడు పెట్టుకోవాలి

61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు జనవరి 1 ఒక్కటే లెక్క. జనవరి 2న పుట్టిన పిల్లలు ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలున్నాయి. 2008 ఆగస్టు 15న పుట్టినవారికి 2026 ఆగస్టులో 18 నిండుతుంది కాబట్టి వాళ్ల అర్హత తేదీ ఆ ఏడాది అక్టోబరు 1. 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అర్హత తేదీ వచ్చినప్పుడు దాన్ని పరిశీలిస్తారు.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక చూసుకుందాంలే అనుకోవద్దు. నామినేషన్ల చివరి రోజు దాటాక ఆ ఎన్నికకు జాబితా మూసేస్తారు. అభ్యంతరాలకు వారం గడువు, పరిశీలన కూడా ఉంటాయి కాబట్టి ఆ చివరి రోజుకు కనీసం పది రోజుల ముందు దరఖాస్తు చేరాలి. ఏ ఎన్నికా లేని నెలల్లో పెట్టుకుంటే మీ బూత్ జాబితా చూసే అధికారి బీఎల్వోకూ తీరిక ఉంటుంది, పొరపాట్లుంటే దిద్దుకోవడానికి మీకూ టైముంటుంది.

ఏ ఊళ్లో

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చట్టం అడిగేది మీరు మామూలుగా ఎక్కడ నివాసం ఉంటున్నారన్నదే. ఊళ్లో ఇల్లుందన్న ఒక్క కారణంతో అక్కడ ఓటు రాదు, కొన్ని నెలలు ఊళ్లో లేనంత మాత్రాన ఉన్న ఓటు పోదు. కోసిగి, ఆలూరు, ఆదోని వైపు నుంచి మిరప కోతలకు గుంటూరుకో, కట్టడం పనులకు బెంగళూరుకో సుగ్గికి పోయే కుటుంబాలు ఈ రెండో మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. పని ముగిశాక తిరిగి వచ్చే ఇల్లు ఊళ్లో ఉంటే దాన్ని తాత్కాలిక గైర్హాజరు అంటారు. దాన్ని చూపి ఓటు తీసేయకూడదు. అయితే బీఎల్వో ఓటర్ల సర్వేకు వచ్చిన రోజు తలుపుకు తాళం ఉంటే ‘ఇల్లు మారారు’ అని రాసుకుపోయే ప్రమాదం ఉంది. ఊరు వదిలే ముందు బీఎల్వోకు ఫోన్ నంబరిచ్చి, పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి వెళ్లాలి.

హాస్టల్ విద్యార్థులకు రెండు దారులున్నాయి. సొంతూరి చిరునామాతో పెట్టుకోవచ్చు, లేదా చదివే చోట పెట్టుకోవచ్చు. రెండో దారిలో వెళ్తే ప్రిన్సిపాలో, రిజిస్ట్రారో సంతకం చేసిన బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి, కోర్సు కనీసం ఏడాదిదై ఉండాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే ఆలూరు అబ్బాయి ఆలూరులోనైనా ఓటరు కావచ్చు, పులివెందులలోనైనా కావచ్చు. రెండుచోట్లా కాకూడదు. ఫారంలో తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చదువు కొన్నేళ్లే కాబట్టి సొంతూరే నయమని మా అభిప్రాయం. కానీ పోలింగ్ రోజు బస్సెక్కి వెళ్లరని మీకే తెలిస్తే చదివే చోట పెట్టుకోండి.

నియోజకవర్గం పేరు చూసి కంగారు పడొద్దు. కర్నూలు నగరంలోనే కల్లూరు వైపు ఉండేవాళ్లు పాణ్యం అసెంబ్లీ ఓటర్లు, వాళ్ల ఎంపీ నంద్యాల ఎంపీ. ‘మేముండేది కర్నూలు కదా’ అని దరఖాస్తులో కర్నూలు నియోజకవర్గాన్ని ఎంచుకుంటే అది వేరే ఆఫీసుకు పోయి అక్కడే నిలిచిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నల కార్డు మీద ఏ నియోజకవర్గం ఉందో ముందు చూసుకోండి.

కాగితాలు

కొత్త ఓటుకు ఫారం 6. వయసుకు జనన ధ్రువపత్రం, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి లేదా ఇంటర్ మార్కుల మెమో, వీటిలో ఒకటి చాలు. చిరునామాకు ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, ఆ చిరునామాకు కనీసం ఏడాదిగా వస్తున్న కరెంటు, నీటి లేదా గ్యాస్ బిల్లు, రెవెన్యూ శాఖ భూమి రికార్డు, రిజిస్టరైన అద్దె ఒప్పందం లేదా అమ్మకపు దస్తావేజు పనికొస్తాయి. కరెంటు బిల్లు నాన్న పేరుతో ఉన్నా చెల్లుతుంది, ఆయన అదే చిరునామాలో ఓటరైతే చాలు. ఏ కాగితమూ లేకపోతే బీఎల్వో స్వయంగా వచ్చి విచారిస్తారు. కాగితం లేదని ఫారమే తీసుకోకుండా తిప్పి పంపకూడదు. ఓటరు జాబితా ప్రత్యేక సవరణ నడిచే రోజుల్లో మాత్రం అదనపు పత్రాలు అడగొచ్చు, అప్పుడిచ్చే నోటీసులో ఏముందో చదివి దాని ప్రకారం చేయాలి.

కాగితాలు తీసేటప్పుడే పుట్టిన తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. చాలా ఆధార్ కార్డుల్లో అసలు తేదీ తెలియక జనవరి 1 వేసేశారు. పదో తరగతి మెమోలో వేరే తేదీ ఉంటుంది. ఓటుకు మెమో తేదీ వాడి, ఆధార్‌ను దానికి సరిపోయేలా దిద్దించుకోవడం మేలు. పాన్, లైసెన్స్, మేజరయ్యాక కొత్త సంతకంతో తిరిగి తెరిపించుకోవాల్సిన బ్యాంకు ఖాతా, అన్నీ ఈ వయసులోనే వస్తాయి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో పొడి అక్షరం, మరోదాంట్లో చివర ఉంటే ఆ తిప్పలు ఉద్యోగంలో చేరేదాకా వెంటాడతాయి.

ఫారం నింపడం

ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్లోగానీ, వాళ్ల యాప్‌లోగానీ మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి ఫారం 6 నింపాలి. కాగితం ఫారం ఇష్టమైతే బీఎల్వోకో, తహసీల్దారు ఆఫీసులోనో ఇవ్వొచ్చు. డబ్బులేమీ కట్టనక్కర్లేదు. మొదటి కార్డూ ఉచితమే.

నెట్ సెంటర్లో చేయిస్తే ఒక్కటి కనిపెట్టుకుని ఉండాలి. హడావుడిలో అక్కడి కుర్రాడు తన మొబైల్ నంబరే కొట్టేస్తాడు. అప్పుడు ఓటీపీలూ స్థితి సందేశాలూ అతనికే పోతాయి, రేపు డిజిటల్ కార్డు దించుకోవాలన్నా కుదరదు. మీ నంబరే ఇవ్వండి. ఇంట్లో నలుగురికీ ఒకే నంబరు ఇచ్చినా డిజిటల్ కార్డు దగ్గర ఇదే ఇబ్బంది వస్తుంది.

పేరు ఇంగ్లిషులో కొట్టగానే పక్కన తెలుగు దానంతట అదే వస్తుంది. అక్కడ ఆగి అక్షరం అక్షరం చదవాలి. మన వైపు పేర్లను యంత్రం సరిగా పట్టుకోలేదు. మద్దిలేటి ‘మడ్డిలేటి’ అవుతాడు, ఓబులేసు ‘ఒబులెసు’ అవుతాడు, హుస్సేన్ బీ ‘హుస్సైన్ బి’ అవుతుంది. తెలుగు గడిలో నొక్కితే కీబోర్డు తెరుచుకుంటుంది, అక్కడే దిద్దుకోవచ్చు. తండ్రి పేరుకూ, ఊరి పేరుకూ ఇదే జాగ్రత్త. బూత్‌లో అధికారి చదివేది ఈ తెలుగు పేరునే.

కుటుంబసభ్యుల వివరాలు అడిగే గడిని ఖాళీగా వదలొద్దు. అదే ఇంట్లో ఇప్పటికే ఓటున్న అమ్మదో నాన్నదో ఎపిక్ నంబరు, అంటే ఓటరు కార్డు నంబరు వేయండి. మూడు అక్షరాలు, ఏడు అంకెల నంబరు అది. దాన్ని బట్టే మిమ్మల్ని వాళ్ల బూత్‌లో, వాళ్ల ఇంటి నంబరు కింద చేరుస్తారు. అది లేకపోవడం వల్లే తల్లిదండ్రులది ఒక స్కూలు, పిల్లలది ఇంకో స్కూలు అవుతుంటుంది. ఇంటి నంబరు కూడా వాళ్ల వరుసలో ఎలా ఉంటే అలాగే రాయండి. పంచాయతీ కొత్త నంబర్లు వేసినా జాబితాలో పాతదే ఉండొచ్చు.

ఫొటో తెల్లటి వెనుకతెర ముందు, ముఖం సూటిగా, సంతకం లేకుండా ఉండాలి. కాగితం మీదైతే 4.5 సెంటీమీటర్లు × 3.5 సెంటీమీటర్లు. ఫోన్లో అందం పెంచే ఫిల్టరు వేసిన సెల్ఫీ పెడితే వెనక్కి కొడతారు.

పంపించాక

రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. కొన్ని రోజుల్లో బీఎల్వో ఇంటికొస్తారు. మన జిల్లాల్లో ఎక్కువగా అంగన్‌వాడీ టీచరో, స్కూలు అయ్యవారో, సచివాలయం ఉద్యోగో ఆ పని చూస్తుంటారు. మీరు కాలేజీలో ఉంటే ఇంట్లోవాళ్లు కాగితాలు చూపించేలా చెప్పి ఉంచండి. ‘వాడు ఇక్కడ ఉండట్లేదు, హైదరాబాదులో ఉంటాడు’ అని అవ్వ అమాయకంగా అన్న ఒక్క మాటతో తిరస్కరించిన దరఖాస్తులున్నాయి. రెండు వారాలైనా ఎవరూ రాకపోతే 1950కి ఫోన్ చేసి బీఎల్వో నంబరు అడగొచ్చు.

తిరస్కరిస్తే కారణం చెప్పాలి. కారణం సరైనదైతే దిద్ది కొత్తగా పెట్టుకోవడమే తొందరగా తేలే దారి. అన్యాయం జరిగిందనుకుంటే 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా తేలకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆమోదిస్తే కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. పేరు చేరిన 15 రోజుల్లో అందిస్తామని 2025 జూన్‌లో ఎన్నికల సంఘం ప్రకటించింది.

ఇల్లు మారినా, పెళ్లయి అత్తగారింటికి వెళ్లినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా అన్నిటికీ ఫారం 8 ఒక్కటే. మళ్లీ ఫారం 6 పెడితే ఒకే మనిషి పేరు రెండుచోట్ల పడుతుంది, ఆ తర్వాత ఏది తీసేస్తారో మన చేతుల్లో ఉండదు. తాతో అవ్వో చనిపోతే వారి పేరు తీసేయమని ఫారం 7 ఇవ్వాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలు చేయాల్సిన పని ఇది. చనిపోయినవారి పేరు మీద దొంగ ఓటు పడే అవకాశాన్ని తగ్గించేది ఈ కాగితమే. అదే ఫారం 7 మీ మీద ఎవరైనా పెడితే మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి. నోటీసొస్తే ఆ తేదీకి తప్పకుండా వెళ్లండి.

పోలింగ్ రోజు

ముందు వారమే పోర్టల్లో పేరు వెతికి పార్ట్ నంబరు, వరుస నంబరు రాసుకోండి. ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు గుర్తింపు పత్రం కాదు. కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న పాస్‌బుక్, లైసెన్స్, పాన్, పాస్‌పోర్టు లాంటివి పనికొస్తాయి. ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు.

లోపల మొదటి అధికారి పేరు చూస్తారు, తర్వాత ఎడమచేతి చూపుడువేలికి సిరా, రిజిస్టరులో సంతకం, ఆ తర్వాత యంత్రం. మీట నొక్కాక పక్కనున్న వీవీప్యాట్ పెట్టె అద్దంలో మీరు ఎవరికి వేశారో చూపే స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది. కళ్లు అటే ఉంచండి. మీ పేరు మీద అప్పటికే ఎవరో ఓటు వేసి ఉంటే గొడవపడి వచ్చేయొద్దు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడగండి. మీరెవరో తేలాక కాగితం బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడిగా భద్రపరుస్తారు. ముగింపు సమయానికి వరుసలో నిలబడి ఉన్నవాళ్లందరికీ ఓటు వేసే హక్కుంది.

ఇంట్లో 85 దాటిన పెద్దలు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు ఉంటే ఇంటి నుంచే ఓటు వేయించొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. చూపులేని తాతను బూత్‌కు తీసుకెళ్తే 18 నిండిన మనవడు తోడుగా వెళ్లి మీట నొక్కొచ్చు, కానీ అదే రోజు ఇంకొకరికి తోడు వెళ్లకూడదు.

ఐదేళ్లకొక్కసారే కాదు

ఊరి ఓటరు జాబితాలో పేరుంటే గ్రామసభలో సభ్యత్వం దానంతట అదే వస్తుంది. తాగునీటి ట్యాంకు గురించో, ఉపాధి పనుల గురించో అక్కడ లేచి అడగడానికి సర్పంచి అనుమతి అక్కర్లేదు. 21 నిండితే వార్డు సభ్యుడిగా, సర్పంచిగా పోటీ కూడా చేయొచ్చు. అసెంబ్లీకి 25 ఉండాలి.

డిగ్రీ అయ్యాక ఇంకొక ఓటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాలు కలిపి పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం. పోయినసారి 2023 మార్చిలో ఎన్నిక జరిగింది. డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవారికి ఫారం 18. ఆ జాబితాను ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి కొత్తగా రాస్తారు, కిందటిసారి పేరున్నవాళ్లు కూడా మళ్లీ పెట్టుకోవాల్సిందే. అర్హతకు నవంబరు 1 లెక్క, కాబట్టి ఎన్నిక ముందు ఏడాది అక్టోబరులో డిగ్రీ సర్టిఫికెట్ నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించి సిద్ధంగా పెట్టుకోండి.